డు తీసేస్తే హిందీ

ఎప్పుడో ఒకప్పుడు మీలో ఎవరికో పిలుపొస్తుంది. పోలీసు ఠాణా మీద జనం చేసే ఫిర్యాదులు వినడానికి పౌరుల కమిటీ వేస్తున్నాం, మీరూ కూర్చోవాలి అంటారు. కుర్చీ ఇస్తారు, టీ ఇస్తారు, పేపర్లో ఫోటో కూడా వేయిస్తారు. ఒప్పుకోండి, తప్పులేదు. కాకపోతే ఆ రోజు నుంచి ఇంట్లో ఫోన్ మోగినప్పుడల్లా ఎవరికేం ముంచుకొచ్చిందోనని పరిగెత్తాల్సి వస్తుందని తెలిసే ఒప్పుకోండి. నాకీ ముక్క ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేను ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో పుట్టి, భిలాయిలోనే ఉక్కు ప్లాంటులో వెల్ఫేర్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన మనిషిని. క్వార్టరు పైకప్పు కారుతోందని ఒకరు, క్యాంటీన్లో పప్పు నీళ్లలా ఉందని ఒకరు, మొగుడు పోయి ఏడాదైనా పెన్షన్ రాలేదని ఒకరు. ఇవీ నా రోజువారీ తలనొప్పులు. సర్వీసు చివర్లో నన్ను ఈ కమిటీకి పంపారు. ఆడమనిషి ఒకరు ఉండాలి, తెలుగువాళ్లు ఒకరు ఉండాలి అన్నారట. నన్ను పంపితే ఒక్క కుర్చీతో రెండూ గడిచిపోతాయని మా పై ఆఫీసరు ఆలోచన. తీరా వెళ్లి చూస్తే అక్కడ ఇంకో తెలుగాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు.

ఆయన మా ప్లాంటులోనే ఇంజనీరు. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. మనిషి మంచివాడు, ఒకరి సొమ్ము ఆశించడు, రిపోర్టు రాస్తే కామా కూడా తప్పు పోదు. ఒక్కటే జబ్బు. తను మాట్లాడేదే అసలు తెలుగనీ, మిగతావాళ్లది ఏదో కాలక్షేపమనీ ఆయన నమ్మకం. మా నాన్నగారిది విజయనగరం వైపు. నా నోట పొరపాటున 'ఏటి' అని వచ్చిందా, నవ్వు ఆపుకుంటున్నట్టు మూతి బిగించేవాడు. అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు, ఛత్తీస్‌గఢ్ మనిషి. ఏం చెప్పినా 'దేఖబో' అనేవాడు. చూద్దాం అని దానర్థం. ఇంకో ఇద్దరున్నారు గాని వాళ్లు కమిటీకి రావడమే అపురూపం, ఈ సంగతిలో వాళ్ల ప్రమేయం లేదు.

మా అధికారం ఎంతంటే, ఠాణాకి వెళ్లి అడగొచ్చు, చూడొచ్చు, జిల్లా పోలీసు పెద్దకి రాయొచ్చు. ఫలానా పని చెయ్యండి అని చెప్పే హక్కు మాత్రం లేదు. నెలకో శనివారం కూర్చునేవాళ్లం. ఎవరూ వచ్చేవారు కాదు. ఠాణా పెద్దని ఇక్కడ టీఐ అంటారు. ఆయన మాకు బిస్కెట్లు పంపించి, "చూశారా మేడమ్, ఒక్క ఫిర్యాదూ లేదు" అని సంబరపడేవాడు. (వాళ్లు మాట్లాడిన హిందీని నేను తెలుగులో రాస్తున్నాను, అవసరమైన చోట తప్ప.) ఫిర్యాదు లేకపోవడం, ఫిర్యాదు చెయ్యడానికి ఎవరూ రాకపోవడం ఒకటి కాదని నాకు తెలుసు. ఇల్లు కారుతోందని చెప్పడానికే భయపడేవాళ్లని సర్వీసంతా చూశాను. ఇక ఠాణా సంగతి చెప్పాలా?

చివరికి ఫిర్యాదు వచ్చింది. కమిటీకి కాదు, సెక్టర్ టూలో మా ఇంటికి.

ఆదివారం మధ్యాహ్నం. చరోదా రైల్వే కాలనీ నుంచి ఒకావిడ రెండు ఆటోలు మారి వచ్చింది. భర్త రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆయన సింహాచలం అప్పన్నకి మొక్కుతాడు, ఈవిడ చర్చికి వెళ్తుంది, ఇద్దరికీ ఏనాడూ పేచీ రాలేదని తర్వాత తెలిసింది. కుర్చీలో కూర్చోమంటే అంచున ఆనీ ఆనకుండా కూర్చుంది.

"అమ్మా, నువ్వు మనోలేనంట గదా. మా గుంటడి గురించి వొచ్చినాను."

గుంటడు అంటే మా వైపు కుర్రాడు. చాలా రోజులకి విన్నాను ఆ మాట. వింటే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

"ఐటీఐ సదివాడమ్మా. సుపేలాలో మోటార్లు బాగుసేసే కొట్లో పన్సేస్తన్నాడు. పండగొచ్చినా, ఎవలైనా మినిస్టరొచ్చినా పోలీసోలొచ్చి పట్టుకెలిపోతన్నారు. పొద్దల్లా ఠాణాలో కూకోబెట్టి, పొద్దోయినాక ఒగ్గేస్తన్నారు."

"ఏం చేశాడని?"

"అదే కదమ్మా! ఏటి సేసాడో సెప్పరు. అడిగితే 'నీకే తెలుసు కదా' అంటారు నాతోటి. నాకేటి తెలుసు?"

కుర్రాడికి రైల్వేలో ఉద్యోగం ఖాయమైంది. పరీక్ష పాసయ్యాడు, డాక్టరీ పాసయ్యాడు. ఇక మిగిలింది పోలీసు వెరిఫికేషన్. ఆ కాగితం వెళ్లాల్సింది అదే ఠాణా నుంచి. అంతవరకూ ఆవిడ ఒక ధోరణిలో చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"నాకు పోలీసోలంటే కాదమ్మా బయం. ఆడంటేనే బయం. ఈపాలి ముట్టుకుంటే కొడతానంటన్నాడు. ఒక్క దెబ్బ కొట్టినాడంటే, ఆల్లు అనుకున్నదే నిజిమైపోద్ది గదా."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుందని సర్దిచెప్పగలను. ఒక మంచి పిల్లాడు ఒక్క క్షణంలో చెడ్డవాడిగా ముద్ర వేయించుకుంటే దానికేం సర్దిచెప్తాం? ఆవిడ వెళ్లాక వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది.

కమిటీవాళ్లం ముగ్గురం ఠాణాకి వెళ్లాం. టీఐ మర్యాదగానే మాట్లాడాడు. కుర్రాడి మీద కేసేమీ లేదన్నాడు. కానీ ఠాణాలో గూండాల జాబితా ఒకటి ఉంటుంది, అందులో అతని పేరుంది. మనం గూండా అనేదాన్ని హిందీలో గుండా అంటారు. పెద్ద పండగలకీ, పెద్దవాళ్లు వచ్చినప్పుడూ ఆ జాబితాలో వాళ్లని తెచ్చి కూర్చోబెట్టడం రివాజు.

"కేసు లేకుండా పేరెలా పెట్టారు?" అన్నాను.

"ఊరికే పెట్టం మేడమ్. ఇంట్లోవాళ్లే చెప్పారు."

"ఇంట్లోవాళ్లంటే?"

టీఐ మున్షీని పిలిచాడు. ఠాణాలో రాతకోతలు చూసే హెడ్ కానిస్టేబుల్‌ని మున్షీ అంటారు. పెద్దవయసు మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని చెప్పాడు.

"వాళ్లమ్మే మేడమ్. ఇదిగో, ఇక్కడే నిలబడి ఏడుస్తూ చెప్పింది. నా కొడుకు గుండా, నా మాట వినడు, రాత్రి ఇంటికి రాలేదు అని. ఒకసారి కాదు, మాటిమాటికీ అదే మాట. కన్నతల్లి నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. నాకూ పిల్లలున్నారు. ఆ రోజు నాకే కళ్లనీళ్లు తిరిగాయి."

అతను అబద్ధం చెప్పడం లేదు. అదే నాకు దడ పుట్టించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అబద్ధాలు చెప్పేవాళ్లని వందలమందిని చూశాను, అది అబద్ధం చెప్పే మొహం కాదు. మరి మా ఇంటికొచ్చి అంచున కూర్చున్న ఆవిడదీ అబద్ధం చెప్పే మొహం కాదే!

హెడ్మాస్టరుగారు గడ్డం నిమురుకుని, "తల్లే అందంటే... సరే, దేఖబో" అన్నాడు. ఇంజనీరుగారు తెలుగువాళ్ల పరువంతా పోయినట్టు తలదించుకున్నాడు. నేను వదల్లేదు. ఎవరో ఏదో అన్నారని ఎన్నాళ్లు ఉంచుతారు, పేరు తీసెయ్యొచ్చుగా అని అడిగాను. టీఐ దానికి సూటిగానే జవాబిచ్చాడు.

"ఇవాళ తీసేస్తాను మేడమ్. రేపు వాడేదైనా చేస్తే? పేరు తీసిందెవరని అడుగుతారు. పెట్టిందెవరని ఎవరూ అడగరు."

ఒళ్లు మండింది. కాని ఆలోచిస్తే ఆయన భయం కూడా భయమే. ఆ టేబుల్‌కి అటు కూర్చున్నవాళ్లకీ ఇటు నిలబడ్డవాళ్లకీ ఒకరంటే ఒకరికి భయం. మధ్యలో మేము బిస్కెట్లు తింటున్నాం.

అసలు ముప్పు ఆ సాయంత్రం ఇంజనీరుగారి మంచితనం వల్ల వచ్చింది. ఆయన ఎవరికీ చెప్పకుండా సుపేలాలో ఆ మోటార్ల కొట్టుకి వెళ్లి, కుర్రాణ్ణి పక్కకి పిలిచి హితబోధ చేశాడు. మీ అమ్మగారే ఠాణాలో చెప్పారట, ముందు ఆవిడ మనసు మార్చు బాబూ, అన్నీ సర్దుకుంటాయి అని. అంత బరువైన మాట చెప్పి, ఆ పక్కనే జిలేబీ కొనుక్కుని ఇంటికెళ్లాడట.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది. ఏడుపులో మాట తెలియడం లేదు.

"ఏటి సేసినారమ్మా మీరు? 'పోలీసులకి నువ్వే సెప్పేవంట గదా' అని అడిగీసి, బట్టలట్టుకుని ఎలిపోనాడు. కొట్లోనే పడుకుంతాడంట. నా కడుపున పుట్టినోడి మీద నానే సెప్తానేటి?"

"మీరు ఎప్పుడైనా ఠాణాకి వెళ్లారా?" అని మెల్లగా అడిగాను.

"ఒక్కపాలి ఎల్లాను. పక్కూరు దుర్గ్‌లో కిరికెట్ మేచ్ అని ఎల్లి రేత్రికి రానేదు. ఫోను ఎత్తనేదు. ఆల్ల నాన్న డూటీలో ఉన్నాడు. బయమేసి ఎల్లాను. కూసింత ఎతికి పెట్టండి బాబూ అన్నాను. అదేనా తప్పు?"

ఆవిడ సాయం అడగడానికి వెళ్లింది. పోలీసులంటే ఆమడ దూరం నడిచే కాలనీ నుంచి, నమ్మి, ఒంటరిగా వెళ్లింది. అలాంటిది మున్షీకి ఇంకోలా వినపడిందా? ఎలా వినపడుతుంది? ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా నాకు అంతు చిక్కలేదు. ఇంజనీరుగారికి ఫోన్ చేసి చెడామడా దులిపేశాను.

"ఉన్నమాటే చెప్పానండీ, తప్పేముంది?" అన్నాడు ఆయన.

"ఉన్నమాటో కాదో తేలకముందే తల్లికీ కొడుక్కీ మధ్య పెట్టి వచ్చారు!" అన్నాను. ఆయన నొచ్చుకుని ఫోన్ పెట్టేశాడు.

దుర్గా నిమజ్జనం రోజు వచ్చింది. ఆ రోజు గురించి నాకు వారం ముందు నుంచే బెంగ. విగ్రహాలు ఊరేగింపుగా వెళ్తాయి, ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది, కాబట్టి జాబితాలో వాళ్లని పొద్దున్నే తెస్తారు. తేవొద్దని టీఐకి చెప్పి చూశాను. పై నుంచి ఆర్డరు, ఈ ఒక్కరోజూ ఏమీ అనకండి అన్నాడు. పదిగంటలవుతుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, కొట్లోంచి పట్టుకెలిపోనారంట. పక్క కొట్టాయన ఫోన్ సేసాడు. కాలరు పట్టుకున్నారంటమ్మా. నాను ఎల్తన్నాను, నువ్వూ రా అమ్మా."

సెలవు చీటీ రాసే ఓపిక కూడా లేదు, నోటితో చెప్పి ఆటో ఎక్కాను. సుపేలా దగ్గర ఆటో ఆగిపోయింది. ట్రాలీల మీద విగ్రహాలు, ముందు డప్పులు, కుర్రాళ్ల గంతులు. ఇటు జరగదు, అటు జరగదు. ఈపాటికి ఆ కుర్రాడు చెయ్యెత్తేసి ఉంటాడా అన్న ఒక్క ఆలోచనే తిరుగుతోంది. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆంటీజీ, కళ్లు మూసుకుని దండం పెట్టుకోండి, అమ్మవారు వెళ్తోంది" అన్నాడు. పెట్టుకున్నాను. దిగి, మిగతా దారి నడిచాను. నడిచానంటే పరుగే.

ఠాణాలో బల్ల మీద కొందరు కూర్చుని ఉన్నారు. అందరిలోకీ చిన్నవాడు అతనే. చొక్కా జేబు సగం ఊడి వేలాడుతోంది. పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ చేతి వంకే చూస్తున్నాడు. నేను వెళ్లి అతని పక్కనే బల్ల మీద కూర్చున్నాను. కానిస్టేబుల్ "మేడమ్, కుర్చీ..." అంటూ కంగారుపడ్డాడు. అక్కర్లేదన్నాను.

"మీ అమ్మ నాకు తెలుసు నాయనా. ఎల్లుండి నీ వెరిఫికేషన్. ఇవాళ ఒక్కరోజు ఓర్చుకో."

అతనికి హిందీ వచ్చినంత బాగా తెలుగు రాదు. వెతుక్కుంటూ మాట్లాడాడు.

"వెరిఫికేషన్ ఎందుకు ఆంటీ? జబ్ మమ్మీయే చెప్పేసింది గుండా హై అని, ఇంక నేను ఎవరికోసం అచ్ఛా ఉండాలి?"

"మీ అమ్మ అలా అనలేదు."

"మున్షీజీ ఝూట్ నహీ బోల్తే, అబద్ధం చెప్పరు. ఆయన వేరేవాళ్లలా కాదు, ఆయన నాకు చాయ్ ఇస్తారు." ఊడిన జేబు ముక్క సర్దుకుంటూ, "భయపడకండి ఆంటీ. మీరు ఇక్కడ ఉన్నంతసేపూ చెయ్యి ఎత్తను" అన్నాడు.

నేను ఉన్నంతసేపు!   సాయంత్రం దాకా, అవసరమైతే విగ్రహాలన్నీ నీళ్లలో కలిసేదాకా ఆ బల్ల మీదే కూర్చోవాలని నిశ్చయించుకున్నాను.

అంతలో తల్లి వచ్చింది. కొడుకు వైపు చూసింది, అతను మొహం తిప్పుకున్నాడు. ఆవిడ తిన్నగా మున్షీ దగ్గరికెళ్లి చేతులు జోడించి, వదిలెయ్యమని తనకొచ్చిన హిందీలో బతిమాలింది.

"సాబ్, ఛోడ్ దో సాబ్. మేరా గుంటా హై సాబ్. అచ్ఛా గుంటా హై!"

మున్షీ నా వైపు తిరిగాడు. "విన్నారా మేడమ్? ఇప్పుడు మీ చెవులతో విన్నారా?"

విన్నాను. అప్పుడు తెలిసింది.

మా పెద్దవాళ్ల హిందీ గురించి మీకు తెలియదు. ఊళ్లనుంచి వచ్చి, ఎవరూ నేర్పకపోతే, వాళ్లే ఒక సూత్రం కనిపెట్టుకున్నారు. తెలుగు మాట చివర డు ఉంటే దాన్ని కోసేసి, ఒక దీర్ఘం తగిలిస్తే హిందీ అయిపోతుంది. మా పిన్ని కొత్తగా వచ్చినప్పుడు పక్కింటివాళ్లతో తన పిల్లాడు బడికి వెళ్లాడని చెప్పబోయి 'మేరా పిల్లా స్కూల్ గయా' అంది. హిందీలో పిల్లా అంటే కుక్కపిల్ల. కుక్కపిల్లని బడికి పంపించే ఇల్లని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పుడీవిడ గుంటడులో డు కోసి గుంటా అంది. ఏడుపు గొంతులో, డప్పుల మోతలో అది గుండా కాక ఇంకేమవుతుంది? కొడుకుని వెతకమని వచ్చిన ఆ రోజు కూడా అంతే. మేరా గుంటా ఇంటికి రాలేదు, మేరా గుంటా నా మాట వినడు. కన్నతల్లి మొర.

నాకు నవ్వొచ్చేసింది. ఆపుకోలేకపోయాను. ఎంత భయం ఉంటే అంత నవ్వు. కుర్రాడు నన్ను అసహ్యంగా చూశాడు. నేను లేచి టీఐ గదిలోకి దూసుకెళ్లి, ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

"మేడమ్, మీరంటే గౌరవం ఉంది. కానీ మీరూ వాళ్ల మనిషే. నేను పైకి ఏం చెప్పుకోవాలి? మీ కమిటీలో ఇంకో తెలుగు సాబ్ ఉన్నారు కదా, ఆయన్నడుగుదాం."

సరేనన్నాను. టీఐ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. సర్, తెలుగులో గుంట అంటే ఏమిటి అని అడిగాడు.

"గుంటా? గొయ్యి అండీ. గడ్ఢా, గడ్ఢా. నీళ్లు నిలుస్తాయే, అది" అన్నాడు ఇంజనీరుగారు ఉత్సాహంగా.

"కుర్రాడు అన్న అర్థం ఉందా?"

"ఛఛ. తెలుగులో అలాంటి మాట లేదండీ."

"మీ జిల్లాలో లేకపోతే తెలుగులోనే లేదా?" అని అరిచాను. ఆయన నన్ను గుర్తుపట్టి, "మేడమ్, మీరక్కడున్నారా? నేను శాస్త్రప్రకారం చెప్పానండీ" అంటున్నాడు. టీఐ ఫోన్ పెట్టేశాడు. నా వైపు చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. అది ఇంకా ఘోరం.

బయట బల్ల జరిగిన చప్పుడైంది. కానిస్టేబుల్ ఎవరో నవ్వుతూ "అచ్ఛా గుండా!" అన్నాడు. "ఫిర్ సే బోల్" అని కుర్రాడి గొంతు వినబడింది, మళ్లీ అను చూద్దాం అని.  నేను బయటికి పరిగెత్తబోతుంటే తల్లి గదిలోకి వచ్చేసింది. బయట ఏం జరుగుతోందో, లోపల ఏం తేలిందో ఆవిడకి తెలియదు. బతిమాలడమే తెలుసు. టీఐ టేబుల్ అద్దం కింద ఒక ఫోటో ఉంది. స్కూలు బట్టల్లో ఒక పాప, ఒక బాబు. ఆవిడ చూపు దాని మీద పడింది.

"ఆప్‌కే భీ గుంటే హై నా సాబ్? దో గుంటే! కిత్నే సుందర్ గుంటే!"

మీకూ పిల్లలున్నారు కదా, ఎంత ముద్దుగా ఉన్నారో అనబోయింది; ఇద్దరున్నారు కదా, గుంటాని బహువచనం చేసింది. వెనకే వచ్చిన మున్షీ "హే రామ్" అన్నాడు. టీఐ మొహం కందగడ్డైంది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ ఆ అద్దం మీద రెండు చేతులూ ఆనించి, వెనక్కి తీసుకుని, తన కణతల దగ్గర పెట్టుకుని పటపటా మెటికలు విరిచింది. పిల్లలకి దిష్టి తీసింది.

టీఐ అలాగే ఆగిపోయాడు. వాళ్ల ఇళ్లలోనూ పెద్దవాళ్లు పిల్లలకి ఇలాగే చేస్తారు. గూండాలకి ఎవరూ మెటికలు విరవరు. ఆయన ఫోటో వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు.

"మాతాజీ," అన్నాడు మెల్లగా, ఫోటో మీద వేలు పెట్టి, వీళ్లెవరన్నట్టు. "యే కౌన్ హై?"

"గుంటే, సాబ్. ఆప్‌కే గుంటే."

"బచ్చే?"

"హా సాబ్, బచ్చే! గుంటే!" పిల్లలేనా అని ఇంత చిన్న విషయం ఎందుకడుగుతున్నాడో అర్థం కాక ఆవిడ నా వైపు చూసింది.

మున్షీ అడక్కుండానే కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. టీఐ మాత్రం ఒక్క అంగలో బయటికెళ్లాడు. కుర్రాడు కానిస్టేబుల్‌కి ఎదురుగా నిలబడి ఉన్నాడు, పిడికిలి బిగించి. చెయ్యి ఇంకా లేవలేదు. నేను ఉన్నంతసేపూ ఎత్తనన్నాడు కదా, నేను లోపలే ఉన్నాను. టీఐ కానిస్టేబుల్‌ని తప్పుకోమని, కుర్రాడి భుజం మీద చెయ్యేసి లోపలికి తెచ్చి, వాళ్లమ్మ ఏమందో, వీళ్లు ఏం విన్నారో తనే చెప్పాడు. 

కుర్రాడికి ముందు అర్థం కాలేదు. తర్వాత "మమ్మీ, తుమ్ భీ నా..." అని, నువ్వూ ఉన్నావే అన్నట్టు, తల్లి భుజం మీద మొహం పెట్టుకుని భోరుమన్నాడు. ఆవిడ "ఏటయింది? ఏటన్నాను నాను?" అంటూ అతని వీపు నిమురుతూనే ఉంది. నేను కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాను. ఏడవకూడదనుకున్నాను, కానీ ఏడ్చాను.

ఎల్లుండి వెళ్లాల్సిన కాగితం మీద టీఐ తన చేత్తోనే ఏ అభ్యంతరమూ లేదని రాశాడు. తప్పుడు పేరని పైకి కూడా రాశాడు, మేమూ రాశాం. జాబితాలోంచి పేరు పోవడానికి మాత్రం నెలలు పట్టింది. ఎక్కడం ఒక్క మాటతో అయింది, దిగడానికి ఎన్ని సంతకాలో. ఆ తర్వాతి శనివారం ఇంజనీరుగారు నా పక్కకి కుర్చీ జరుపుకుని, "మీ వైపు ఇలాంటివి ఇంకేమైనా ఉంటే ముందే చెప్పి పెట్టండి మేడమ్" అన్నాడు. 'ఏటి'తో మొదలుపెడదామా అన్నాను. ఈసారి మూతి బిగించలేదు, నవ్వేశాడు. ఎవరు ఏ భాషలో మొరపెట్టుకుంటే ఆ భాష తెలిసిన మనిషిని పిలిపించాలని మేం ఒక సూచన పంపాం. హెడ్మాస్టరుగారు మొదటిసారి 'దేఖబో' అనకుండా సంతకం పెట్టాడు. పైనుంచి మాత్రం చూద్దామనే జవాబొచ్చింది.

రిపోర్టులో 'భాష వల్ల కలిగిన పొరపాటు, పరిష్కృతం' అని రాశాం. ఆ మాట రాస్తుంటే నాకు మనశ్శాంతి లేదు. ఈ ఒక్కటీ దొరికింది. ఆ జాబితాలో ఇంకెంతమంది తల్లుల ఏడుపు ఎలా వినపడిందో ఎవరికి తెలుసు? మీరు ఆ కుర్చీలో కూర్చుంటే ఈ బెంగ మీకూ ఉంటుంది. ఉండాలి కూడా. బెంగ లేకుండా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లని నేను నమ్మను.

పేరు తీసేశారన్న కబురు చెప్పడానికి నేనే చరోదా వెళ్లాను. ఆవిడ ఈసారి పక్కనే ఆనుకుని కూర్చుంది. చాయ్ ఇచ్చింది, కబుర్లు చెప్పింది.

"లడకా డూటీకెల్నాడమ్మా. లడకాకి మొన్ననే కొత్త బూట్లిచ్చినారు."

ఆవిడ నోట కుర్రాడికి ఆ హిందీ మాట విని నేను నవ్వాను. "లడకా ఏటమ్మా? మనింట్లోనే ఉన్నాం గదా. మా గుంటడు అను, ఎవరు వింటారు?"

ఆవిడ లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. వచ్చి కూర్చుంది. అయినా ఆ మాట అనలేదు.

"వొద్దమ్మా," అంది. "ఇంట్లో అలవాటుంటే నోటికొచ్చీస్తాది. మల్లీ ఎప్పుడేనా ఠాణాకెల్లాల్సొస్తే?"